చివరిసారి వచ్చిన తేదీ

ఊళ్లోని నాలుగు ఆసుపత్రులు ఒకే యాజమాన్యం కిందికి వచ్చాక, కిడ్నీ కోసం ఎదురుచూసే రోగుల జాబితాలన్నిటినీ ఒక్కటి చేసే పని కంప్యూటర్ విభాగంలో ఉన్న ఆమె మీద పడింది. నాలుగు చోట్లా నాలుగు రకాల డేటాబేస్‌లు. పొంతన కుదరని తోడికోడళ్లలా ఒకదాని మాట ఒకదానికి గిట్టదు. ఏడు నెలలు కుస్తీ పట్టి వాటిని దారికి తెచ్చింది.

నాలుగో ఆసుపత్రిలోనే ఆమె అక్క భర్త అయిదేళ్లుగా వైద్యం చేయించుకుంటున్నాడు. కిడ్నీ వరసలో ఆయన కంటే ముందు ముగ్గురే ఉన్నారని అక్కడి నర్సమ్మ చెబుతుండేది.

కొత్త జాబితాలో బావ స్థానం నూట ముప్పయ్యారు.

తవ్వి చూస్తే సంగతి బయటపడింది. ఎవరి తేదీ పాతదైతే వాళ్లే వరసలో ముందు. మిగతా మూడు చోట్లా రోగి పేరు మొదట నమోదైన తేదీ ఉంది. నాలుగో ఆసుపత్రి పాత వ్యవస్థ మాత్రం రోగి డాక్టరుకు చూపించుకున్న ప్రతిసారీ పాత తేదీని చెరిపేసి కొత్తది రాసుకుంది. మొదటి తేదీ ఎక్కడా లేదు. కాగితం రిజిస్టర్ల కోసం వెళితే, నర్సమ్మ స్టోర్ రూమ్ తలుపు తీసి చూపించింది. పైపు పగిలి అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి.

ఆమె పెద్ద డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. "సార్, నాలుగో ఆసుపత్రి వాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. నర్సమ్మకు వరస గుర్తుంది. ఆమెనైనా అడగండి."

"నోటిమాట మీద కిడ్నీ ఇస్తామా అమ్మా? పైగా అందులో మీ బావ ఉన్నాడట. రేపు నలుగురూ వేలెత్తి చూపితే ఏం చెబుతావు?"

ఆమె బయటికి వచ్చేసింది. తాను కాక ఇంకెవరు అడిగినా వినేవారేమో.

ఆ సాయంత్రం అక్కావాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

బావ అడిగాడు. "అంటే, నెలనెలా చూపించుకోకుండా ఎగ్గొట్టి ఉంటే పాత తేదీ అలాగే ఉండేదా?"

"ఉండేది బావా."

"మీ అక్క ఒక్క నెల మాననిస్తేగా!" అని నవ్వాడు.

అక్క నవ్వలేదు. మడతపెడుతున్న చొక్కాను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కొత్త జాబితా అనుకున్న రోజుకే అమల్లోకి వచ్చింది. ఒక్క పొరపాటూ రాలేదని అందరూ చప్పట్లు కొట్టారు.

వర్షాకాలం వచ్చేసరికి బావ పోయాడు. అప్పటికి ఆయన స్థానం తొంభై రెండు. పోయినవాళ్ల పేర్లు తీసెయ్యడం కూడా ఆమె పనే. తీసేసింది. కిందివాళ్లంతా ఒక్కో మెట్టు పైకి జరిగారు.