ఘాటు పట్టిన సీసాలు

"జ్యోతీ, చాంబర్లోంచి ఆరు సీసాలు పట్టుకురా. నాలుగింటికి రామకాంత్ గారు వాళ్ళొస్తున్నారు."

ఉప్పు డబ్బా అందుకోమన్నంత మామూలుగా అన్నారు మా ఆయన, చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

చాంబరంటే మా కోల్డ్ స్టోరేజీలో మూడో గది. ఇంటి పెరటి గుమ్మం దాటితే అదే. రైతుల మిర్చి టిక్కీలు, పెద్ద పెద్ద గోనె బస్తాలు, కప్పుదాకా పేర్చి ఉంటాయి. లైటు స్విచ్చి బయట. గడియ బయట. తలుపుకి లోపలివైపున్న పిడి ఎప్పుడో ఊడిపోయింది, బిగించినవాళ్ళు లేరు. వైన్ సీసాల మీద కూలీల చెయ్యి పడకూడదని ఆయన పట్టుదల, అవి పెట్టినప్పట్నుంచి తలుపుకి తాళం, తాళంచెవి నా కొంగున, కాబట్టి నేనే వెళ్ళాలి.

మేస్త్రి ఇమాం హుస్సేన్ నన్ను చూసి బీడీ పారేశాడు. "పదమ్మా. నేనిక్కడే ఉంటా," అని తలుపుకి కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. మేమిద్దరం ఆ సంగతి ఏనాడూ మాట్లాడుకోలేదు. ఆ కాలు మాత్రం ప్రతిసారీ అలాగే పెడతాడు. సీసాలు తీస్తున్నంతసేపూ నేను సీసాల్ని కాదు, అతని చెప్పునే చూస్తున్నాను.

మే నెలలో జరిగిందది. ఒంగోలు నుంచి వచ్చిన స్నేహితుల ముందు ఆయన ఒక మెర్లో వైన్ని షిరాజ్ అన్నారు. "అది కాదండీ, షిరాజ్ రెండో సీసా" అని నోరు జారాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. మర్నాడు టిక్కీలు లెక్కపెడదాం రమ్మని చాంబర్లోకి తీసుకెళ్ళి, తను బయటికి నడిచి, "కాసేపు చల్లబడవే" అని గడియ వేశారు. లైటు ఆరిపోయింది. ఎంతసేపో ఎవరికీ చెప్పలేదు, మా అమ్మక్కూడా. తీసింది ఇమాం హుస్సేన్. ఆయన మాత్రం వచ్చినవాళ్ళందరికీ ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు, "మా జ్యోతికి బొద్దింకన్నా భయం లేదుగానీ చాంబరంటే భయం" అని. నేనూ నవ్వుతాను. అలా నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటి.

అసలు ఈ వైన్ల తెలివి నాకెక్కడిదంటే మా నాన్న అంకమ్మరావు దగ్గరిది. మిరపకాయ విరిచి నా నాలుక మీద ఆనించి, "ఏ చేలోదే పిల్లా?" అనేవాడు. చవుడు చేను, రేగడి చేను, వాన తగిలిన కాయ, మంచులో ఆరిన కాయ, కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక ఆయన పార్టీలు అయిపోయి గ్లాసులు కడిగేటప్పుడు అడుగున మిగిలిన గుక్క నాలుక్కి తగిలించేదాన్ని. హాల్లో ఎవరూ ఆపని రికార్డు తిరుగుతూ ఉండేది. అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ గిటారు. సీసా మెడ విరిచి వేలికి తొడుక్కుని తీగ మీద జారిస్తాడట ఒకాయన. అరవాలనుకుని అరవలేని మనిషి గొంతు అది. దానికి ఏ వైను సరిపోతుందో సింకు దగ్గర నిలబడి తెలుసుకున్నాను. వగరుండాలి, నేరేడుపండు తిన్నాక నాలుక మొద్దుబారినట్టు. పెద్ద పెద్ద స్పీకరు పెట్టెల్లోంచి గోడలదిరేట్టు మోగే రాక్ గిటారుకి ముదురు షిరాజ్. పాట అయిపోయినా గొంతులో మంట మిగలాలి.

ఒకసారి ఏ పాటకి ఏ వైనో ఊరికే అట్ట మీద రాసిపెట్టాను. ఆయన చూశారు. అప్పట్నుంచి రాయడం నా పని, వచ్చినవాళ్ళ ముందు చదవడం ఆయన పని. నేను 'బ్యారన్లో మూడో రోజు ఆరుతున్న పొగాకు' అని రాస్తే ఆయన నోట్లో అది 'టుబాకో నోట్స్'. 'రేగడి మీద తొలి చినుకు' కాస్తా 'ఎర్తీ'. ఇప్పుడు విజయవాడలో హోటలున్న రామకాంత్ గారు నెలకో సాయంత్రం ఆయనచేత ఇలా పాటకో వైను రుచి చూపించే సభ చేయిద్దామనుకుంటున్నారు. ఇవాళ పరీక్షన్నమాట.

జూన్‌లో వైన్ ఫ్రిజ్ చెడిపోతే సీసాలన్నీ చాంబర్లో పెట్టించారు. "ఇంత చల్లటి గది ఏ హోటల్లో ఉందే?"

"వద్దండీ. ఆ గదిలో కొబ్బరికాయ పెట్టినా ఘాటు పట్టేస్తుంది. ఆ మూత బెరడే కదా, పీలుస్తుంది."

"దాన్ని కార్క్ అంటారు. బెరడూ గిరడూ అని పల్లెటూరి తెలివి చూపించకు."

మూడు నెలలైంది. వంటింట్లో మొదటి సీసా తెరిచి కార్క్ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మిరప తొడిమ, గోనె, గడ్డకట్టిన చీకటి. రెండోదీ అంతే. ఆరూ తెరిచాను. ఆరూ అంతే.

గుమ్మంలోంచి పిలిచాను. "ఏమండీ, ఒక్కసారి..."

"ఇప్పుడు కాదు. మొహం సరిచేసుకుని రా."

గ్లాసులు నింపి ట్రేలో పెట్టి తీసుకెళ్ళాను. హాల్లో ఐదు కుర్చీలుంటే మూడింట్లోనే మనుషులు. రామకాంత్ గారు, గిటారు పాఠాలు చెప్పే వాళ్ళావిడ మహతి, మా ఆయన. రికార్డు మొదలైంది. సీసా మెడ తీగ మీద జారింది. ఆయన నా అట్ట చదువుతున్నారు, ఇంగ్లీషులో.

నాకు వినపడటం లేదు. లోపల లెక్క నడుస్తోంది. వాళ్ళు తాగి మొహం మాడిస్తే పోయేది ఆయన పరువు, రేపు చల్లబడాల్సింది నేను. ముందే చెప్తే ఆయన మాట కొట్టేసినట్టు, అప్పుడూ చల్లబడాల్సింది నేనే. ఏ దారిన వెళ్ళినా ఆ తలుపే వస్తోంది. ఇమాం హుస్సేన్ ఎన్నాళ్ళని కాలు అడ్డం పెడతాడు? అప్పుడు తట్టింది: ఎటూ ఆ తలుపే అయినప్పుడు, నోరు మూసుకున్నందుకు నాకు మిగిలేదేముంది?

మహతి గ్లాసెత్తింది.

"తాగకండి," అన్నాను.

మహతి చెయ్యి ఆపి నా వైపు తిరిగింది.

"మిర్చి ఘాటు పట్టింది. ఆరు సీసాలకీ."

ఆయన పెద్దగా నవ్వారు. "మా ఆవిడ ముక్కుకి గుళ్ళో తీర్థం కూడా కారమే లెండి. మూతేసిన సీసాకి ఘాటేంటే? వెళ్ళు, వేటపాలెం జీడిపప్పు తెచ్చాగా, కాస్త వేయించుకురా."

నవ్వుతూనే ఉన్నారు. కళ్ళు మాత్రం మే నెల కళ్ళు.

రామకాంత్ గారు వాసన చూసి భుజాలెగరేశారు. "ఏమోనండీ, నాకేం తెలీట్లేదు." మహతి రెండుసార్లు చూసింది. "ఏదో ఉందండీ. కానీ ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నారు?"

జవాబులు రెండున్నాయి. ఒకటి మా నాన్న, మిరపకాయ, నాలుక. అందంగా ఉంటుంది, నవ్వుకుంటారు, ఆయన కూడా మెచ్చుకుంటారేమో. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"ఆ గదిలో ఘాటు దేన్నీ వదలదండీ," అన్నాను. "మే నెలలో ఈయన నన్ను అందులో పెట్టి గడియేశారు. వారం రోజులు తలంటుకున్నా నా జుట్టులోంచి పోలేదు. నేనున్నది నలభై నిమిషాలు. ఇవి మూడు నెలలున్నాయి."

మహతి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. రామకాంత్ గారు ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చెయ్యి చాపారు, చాంబరు తాళంచెవి ఇచ్చేసి వంటింట్లోకి పొమ్మన్నట్టు.

కొంగున ముడేసిన తాళంచెవిని గుప్పిట్లో బిగించుకున్నాను. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని, మహతి పక్కన కూర్చున్నాను.