గోరు మందం సముద్రం

ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిసిందంటే చాలు, సార్డీనియా దీవిలోని ఆ ఊరు ఊరంతా గొడుగులు, చాపలు మోసుకుని సముద్రానికి దిగేది. చీజు కూరిన కుడుముల గిన్నెలకి గుడ్డలు కట్టి తెచ్చేవారు. పుచ్చకాయల్ని తడి ఇసుకలో పాతిపెట్టాకే పిల్లల్ని నీళ్ళలోకి వదిలేవారు.

అక్కడ పిల్లల గురించి భయం లేదు. ఏ రోజుకారోజు ఒడ్డున ఉన్నవాళ్ళలో అందరికన్నా చిన్నబిడ్డ ఎవరో చూసుకుని, ఆ బిడ్డ నడుము దాకానే సముద్రం లోతుండేది, అవతల నల్లరాళ్ళ వరకూ. అందుకే కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, బిడ్డ నడిచేదాకా అటు తొంగిచూసేవారు కాదు. కడుపులోని నలుసుకి సరిపడా నీళ్ళే మిగిలితే ఊరి పిల్లలు ఈదేదెక్కడ?

గవీనాకి ఆ కట్టుబాటుతో ఎప్పుడూ పని పడలేదు. పదహారేళ్ళ కాపురంలో ఒక్కసారీ కడుపు పండలేదు. నలభై రెండు నిండాయి. రెండు నెలలుగా నెలసరి రాకపోతే, ఇక ఆగిపోయే వయసు వచ్చిందిలే అనుకుంది. మర్నాటి ఓడకి టికెట్టు ఆమె సంచిలోనే ఉంది. సముద్రం అవతల లివోర్నోలో అక్క దగ్గర నాలుగు రోజులుండి వస్తానని మొగుడికి చెప్పింది. తిరిగి రానని మాత్రం చెప్పలేదు. ఆమె మొగుడు బకీసియో ఎవరి పిల్లలు కనబడినా భుజాలకెత్తుకునే మనిషి. తను తప్పుకుంటేనే అతనికో బిడ్డ ఉంటుందని ఆమె నమ్మకం.

ఓడెక్కే ముందు ఒకసారి చూసిపోదామని, రెండు నెలల తర్వాత ఒడ్డుకొచ్చిన గవీనా ఆ రోజు గొడుగు కింద కూర్చుందో లేదో, సముద్రం పల్చబడిపోయింది. గోరు మందం. చేపలు పక్కకి ఒరిగి ఈదుతున్నాయి. మునుగుదామని ఉరికిన బకీసియో పొట్ట మీద జారుకుంటూ పోయి ఆగాడు.

"అంతా నువ్వే తాగేశావేంటి బావా!" అని మగాళ్ళు పడీ పడీ నవ్వారు.

బొనారియా అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "ఎవతే, కడుపు దాచుకుని వచ్చింది? పిల్లల మొహాలు చూడండి, ఎలా వాడిపోయాయో!"

"నేను కాదవ్వా. నా చిన్నోడింకా పాలే మానలేదు" అంది ఒకామె.

"నీ మాట నమ్మేదెలాగే? ఆ చిన్నోడు కడుపులో ఉన్నప్పుడూ ఇదే మాటన్నావు" అంది ఇంకో ఆమె.

తగువు తెగలేదు. ఒక్కొక్కరే ఇసుకదిబ్బ దాటి వెళ్ళి రావాలని అవ్వ తేల్చింది. ఎవరు వెళ్తే నీళ్ళు లేస్తాయో వాళ్ళే. కొత్తకోడలు గ్రాత్సియా సిగ్గుపడుతూ వెళ్ళొచ్చింది. నీళ్ళు కదల్లేదు. యాభై దాటిన ఐస్‌క్రీం అమ్మే పావోలా కూడా "ఏమో, చెప్పలేం!" అని నవ్వుతూ వెళ్ళొచ్చింది. గవీనాని మాత్రం ఎవరూ అడగలేదు. అవ్వ ఆమె వైపు చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది.

ఆ జాలి భరించలేకపోయింది గవీనా. "తలనొప్పిగా ఉంది, ఇంటికెళ్తా" అని సంచి భుజాన వేసుకుని దిబ్బ ఎక్కి అవతలికి దిగింది. వెనక ఒక్కసారిగా నీళ్ళ హోరు, పిల్లల కేకలు. ఎవరికేమైందోనని పరుగున వెనక్కి వచ్చింది. నీళ్ళు మళ్ళీ గోరు మందానికి దిగిపోయాయి. పిల్లలు నడుముల దాకా తడిసి, ఆమెనే చూస్తున్నారు.

"ఇంకోసారి వెళ్ళు తల్లీ" అంది అవ్వ.

వెళ్ళింది. సముద్రం లేచింది. వచ్చింది. తగ్గింది. మూడోసారికి పిల్లలే చప్పట్లు కొట్టి, "వెళ్ళు పిన్నీ, వెళ్ళు!" అని గోల చేశారు.

బకీసియో ఆ కాసిని నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. గవీనా అతని పక్కన వంగి, వేళ్ళు తడిపి, నుదుటి మీదా గుండె మీదా శిలువ గుర్తు వేసుకుంది. సముద్రానికి చెప్పాల్సిందంతా కళ్ళే చెప్పుకున్నాయి.

కాసేపటికి లేచి, "పిల్లల ఈత పాడుచేస్తున్నాను, పోతానవ్వా" అంది.

"ఒక్క రోజుకి ఎవరి సొమ్మూ పోదు. కూర్చో. మమ్మల్ని కళ్ళారా చూసుకోనీ."

సాయంత్రం ఇంటికి రాగానే అక్క ఫోన్ చేసింది. "ఓడ ఎన్నింటికి చేరుతుందే? ఎదురొస్తాను."

"నేను రావడం లేదక్కా" అంది గవీనా. "నువ్వే రా, మార్చిలో. వచ్చేటప్పుడు మెత్తటి పాతగుడ్డలు పట్రా."