తూము పలక

సుత్తి తాత పెట్టిన కేక కొలను చుట్టూ ఉన్న రాతి గోడలకు తగిలి మళ్లీ వినబడింది. అవతలి అంచున కూర్చుని పాచి గీకుతున్న ఆవిరక్క చేతిలో బ్రష్షు పారేసి పరుగెత్తింది. అప్పటికే ఇద్దరు క్వారీ కూలీలు తాత చంకల కింద చేతులేసి బయటికి లాగారు. మోకాళ్ల కింద చర్మం కమిలిపోయి, చూస్తుండగానే బొబ్బలెక్కుతోంది.

"నలభై ఏళ్లుగా దిగుతున్నానురా! ఎప్పుడన్నా నన్ను కాల్చాయా ఈ నీళ్లు?" అంటున్నాడు తాత. నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

క్వారీలో రాళ్లు కొట్టి కొట్టి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. మాటల్లోకి దిగినా ఎదుటివాణ్ని ఒక పట్టాన వదలడు కనుక ఆ పేరు రెండు విధాలా కుదిరింది. ఒక్క తాతేమిటి, పని దిగిన కూలీలంతా ఆ వేడినీటి కొలనులో కాసేపు నానితేనే మర్నాడు నడుం వంగేది. వాళ్లకు ఆసుపత్రి అదే, మందూ అదే.

గంట తిరక్కుండా, కొలనును గుత్తకు తీసుకున్న కంట్రాక్టరు మనుషులు గేటుకు తాళం వేసి బోర్డు కట్టారు. "నీరు ప్రమాదకరం. మరమ్మతుల కారణంగా ప్రజలకు ప్రవేశం లేదు." ఆ పక్కనే కంట్రాక్టరు కొత్తగా కట్టిన అద్దాల స్నానాల గదులకు మాత్రం ఏ ప్రమాదమూ లేదు. కార్లు వస్తూనే ఉన్నాయి.

కారణం ఆవిరక్కకు తెలుసు. ఊటలోంచి వచ్చే నీరు పొగలు కక్కుతూ వస్తుంది. కొండ మీది చల్లకాలువ దాంట్లో కలిస్తేనే మనిషి దిగగలిగేది. కాలువకు ఒక తూము, తూముకు ఒక చెక్క పలక. ఆ పలకను ఏ పూట ఎంత ఎత్తాలో తల్లి దగ్గర నేర్చుకుంది ఆవిరక్క. ఆ పొద్దున కంట్రాక్టరు మేస్త్రీ వచ్చి, "పలక మొత్తం దించెయ్. చల్లనీళ్లన్నీ గదులకు కావాలట" అన్నాడు.

"కొలను కాగిపోతుంది కదయ్యా!"

"నీకెందుకు? జనం రాకముందే గేటు మూసేస్తాం."

గేటు మూస్తారని నమ్మి ఆమె పలక దించింది. వాళ్లు గేటు మూయలేదు. ఎవరో ఒకరు కాలేదాకా తెరిచే ఉంచారు.

మర్నాడు సాయంత్రం క్వారీ షెడ్డు నిండా జనం. అర్జీ రాద్దామన్నాడు ఊరి టైలరు. "రాసి ఎవడికిస్తావు? సంతకం పెట్టి కొలను కంట్రాక్టరుకు అప్పజెప్పిన ఆఫీసరుకేగా!" అని నలుగురు ఒక్కసారే లేచారు. గేటు విరగ్గొడదామని ఒకరు, కాళ్లు చేతులు విరుగుతాయని ఇంకొకరు. ఎవరి మాట ఎవరికీ వినపడటం లేదు.

ఆవిరక్క వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"పలక దించింది నేనే."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. జరిగిందంతా చెప్పింది. ఎక్కడా తనను వెనకేసుకు రాలేదు. సుత్తి తాత కూతురు, క్వారీలో రాళ్ల లోడింగు చేసే మనిషి, జనాన్ని తోసుకుంటూ ఎదురుగా వచ్చింది.

"మా నాన్న కాళ్లు చూశావా? చూసి కూడా నిన్నంతా నోరు కుట్టేసుకున్నావా? ఆ కంట్రాక్టరు కూలి తినే మనిషిని ఎట్లా నమ్మాలి?"

"ఎవరు తినటం లేదమ్మా?" అన్నాడు టైలరు మెల్లగా. "ఆ గదులకు కర్టెన్లు కుట్టింది నేను. ఆ గోడలకు రాయి మోసింది నువ్వు."

కూతురు టైలరు వంక చూసింది, తన అరచేతుల వంక చూసుకుంది. "సరే. పలక సంగతి ఈమెకొక్కదానికే తెలుసు. రేపు ఈమెను కొనేస్తే? లోపలేస్తే?"

"అందరికీ నేర్పుతాను" అంది ఆవిరక్క.

తెల్లారేసరికి గేటు చట్రంతో సహా ఊడొచ్చి పక్కన పడుకుంది. రెండొందల మంది చేతులు వేస్తే తాళం ఎంతసేపు? ఆవిరక్క పలక ఎత్తింది. మోచెయ్యి నీళ్లలో ముంచి వేడి లెక్క చూడటం నేర్పింది. ఆడవాళ్లు పాచి గీకారు, క్వారీవాళ్లు జారే మెట్లు సరిచేశారు. దిగేముందు బయట కాళ్లు కడుక్కోవాలని, పుండ్లున్నవాళ్లకు విడిగా తొట్టిలో నీళ్లు పట్టివ్వాలని, ఆడవాళ్లకు పొద్దున్నపూట కేటాయించాలని అక్కడే నిలబడి తీర్మానాలు చేశారు. కాలేజీ పిల్లలు వాటిని గోడ మీద పెద్దక్షరాలతో రాశారు. మరమ్మతులకు కంట్రాక్టరు ఏడాది గడువు అడిగాడట. వీళ్లకు మూడు రోజులు చాలాయి.

మూడోనాడు కంట్రాక్టరే వచ్చాడు. ఆవిరక్కను పక్కకు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. "వేలిముద్ర వెయ్. నీ ఉద్యోగం పర్మనెంటు."

ఆమె ఆ కాగితం తీసుకెళ్లి తిన్నగా తాత కూతురి చేతిలో పెట్టింది. "నాకు చదువు రాదు. గట్టిగా చదువు."

కూతురు చదివింది. ముసలాడు తాగి, వద్దన్నా వినకుండా, ఊట దగ్గరికి వెళ్లి పడ్డాడని ఉంది అందులో. చదివాక కాగితం నాలుగు ముక్కలైంది. కంట్రాక్టరు కారు దాకా వెళ్లటానికి జనం సన్నగా దారి ఇచ్చారు.

నాలుగోనాడు పొద్దున్నే పోలీసులు దిగారు. బూట్లతో కొలనులోకి దిగబోయిన కానిస్టేబుల్ ఊట పక్కనే కాలు పెట్టి కెవ్వుమని ఎగిరాడు.

"బాబూ, కాళ్లు కడుక్కుని దిగాలి. గోడ మీద రాసుంది!" అని కేకేశాడు సుత్తి తాత, కాళ్లకు కట్లతో గట్టున వేసిన మంచం మీద కూర్చుని. జనం గొల్లుమన్నారు.

ఎస్సైకి నవ్వు రాలేదు. "పలక ఎత్తిందెవరు?"

"మొదట దించింది నేను. మొదట ఎత్తిందీ నేనే" అని ముందుకొచ్చింది ఆవిరక్క. రెక్క పట్టి జీపెక్కించారు. ఆమె కొంగు నడుముకు బిగించి కూర్చుంది.

"ఆ పలక దించెయ్యండి!" అని అరిచాడు ఎస్సై.

తాత కూతురు కాలువలో అడ్డంగా నిలబడింది. నడుం లోతు చల్లనీళ్లు. ఆమె వెనక ఇంకొకామె దిగింది, ఆ వెనక టైలరు, ఆ వెనక కాలేజీ పిల్లలు.

"ముందు జీపులోంచి మా అక్కను దించు. పలక సంగతి తర్వాత!" అంది.

క్వారీ సైరను కూసింది. షిఫ్టుకు వేళయింది. సుత్తులు భుజాన వేసుకున్న కూలీలు ఒక్కొక్కరే వచ్చి జీపు ముందు నేల మీద కూర్చోసాగారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. ఎవరూ లేవలేదు. సైరను రెండోసారి కూసింది.