మైపాడు బస్సులో పన్నెండుమంది

మైపాడులో సమాధానం అనే ఆయన ఇంటికి పార్సిలొచ్చిందంటే ముందు వరండాలోకి స్టూలొస్తుంది, దాని వెనక కత్తెర, ఆ వెనక ఫోను పట్టుకోని ఆయన భార్య రెబెక్కమ్మ. పార్సిలు విప్పడం ఆ ఇంట్లో చిన్నపని కాదు. విప్పేటప్పుడు వీడియో తీసిపెట్టుకోకపోతే, తర్వాత సరుకు బాగలేదని నెత్తీనోరూ కొట్టుకున్నా ఏ కంపెనీవాడూ ఒప్పుకోడు. అందుకని రెబెక్కమ్మ పులుసు కింద మంట తగ్గించి, కొంగుతో చెయ్యి తుడుచుకోని, ఫోను పైకెత్తి, “ఊఁ, కానీ” అంటుంది.

సమాధానం పడవ ఇంజన్ల మెకానిక్కు. మైపాడు రేవులో ఏ బోటు దగ్గినా అది ఏ రోగమో దూరాన్నించే చెప్పగల మనిషి. ఆయనకున్న పిచ్చల్లా చిన్న రైళ్ళ మీద. బొమ్మరైలు అంటే కోపమొస్తుంది, మోడలు అనాల. అసలు రైలుకి అచ్చంగా ఎనభయ్యేడో వంతు. మైపాడుకి రైలు లేదు, వస్తుందని చెప్పినోడూ లేడు, కాబట్టి ముందుగదిలో మంచమంత బల్ల వేసి, పట్టాలు పరిచి, స్టేషను కట్టి, మైపాడు అని బోర్డు కూడా రాసిపెట్టినాడు.

ఒక్కటే లోటు. ఆ స్టేషన్లోకి ఇంతవరకూ ఒక్క రైలూ సరిగ్గా వచ్చిన పాపాన పోలేదు.

పోయినేడు తెప్పించిన ఇంజనుకి ప్రకటనలో ముందు దీపం ధగధగా వెలుగుతుంది. వచ్చినదానికి దీపముండాల్సిన చోట పసుప్పచ్చ స్టిక్కరు. మన దేశపు పెట్టెలని అమ్మినవాటి నీలంరంగు గోటితో గీకితే కింద ఏదో పరాయిదేశం ఆకుపచ్చ. ఒకే కంపెనీ, ఒకే నెల, అయినా రెండు పెట్టెల కొక్కేలు ఒకటి పైకి, ఒకటి కిందికి. కలవమంటే తోడికోడళ్ళ మాదిరి చెరోపక్క చూస్తాయి. ఇంకొక కంపెనీ రెండేళ్ళనాడు ‘త్వరలో’ అన్న ఇంజను ఇప్పటికీ త్వరలోనే ఉంది. గేరు పగిలిందని రాస్తే, ‘మీది సముద్రపు గాలి, గ్యారంటీ వర్తించదు’ అని జవాబు. “సముద్రపు గాలికి ప్లాస్టిక్కు పగుల్తుందంట్రా? మా వలలన్నీ ప్లాస్టిక్కే గదరా!” అని ఈయన ఫోన్లో అరిస్తే అవతల సంగీతం మొదలయ్యింది.

ఇన్ని దెబ్బలు తిన్నోడు ఎవర్ని నమ్ముతాడు చెప్పండి? పాలలో నీళ్ళున్నాయా అని కాదు, నీళ్ళలో ఇంకేమన్నా కలిపినారా అని చూసే మనిషి తయారైనాడు.

ఇంక మనుషుల సంగతి. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేదానికి ప్రయాణికులు వస్తారు, డబ్బాకి పన్నెండుమంది, చిటికెనవేలి చివరి కణుపంత ఎత్తు. వీళ్ళు ఏ బస్సులో పోయినా దారిలో దిగిపోతుంటారనేది తెలిసిందే. గూడూరులో దిగేవాళ్ళు గూడూరులో దిగుతారు, కోటలో దిగేవాళ్ళు కోటలో దిగుతారు. బస్సులో ఉండేవాళ్ళు కాళ్ళు కొంచెం పక్కకి తీస్తారు, అంతే. దానికి ఈయన కూడా ఏమీ అనడు. దిగాలనిపించిన మనిషి దిగుతాడు. ఆయన అనుమానం డీలర్ల మీద. పదిమందినే పెట్టి, “ఇద్దరు దిగిపోయుంటారు సార్” అంటే ఎవడు చూడొచ్చినాడు?

ఆ గురువారం డబ్బా విప్పి, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పట్టకారుతో ఒక్కొక్కరినే తీసి, నాలుగుపక్కలా తిప్పి, భూతద్దంతో చూసి, వరసగా నిలబెట్టినాడు. పదకొండు.

“మళ్ళీ ఒకరు తక్కువ. ఇది ఆరోసారి. తీస్తుండావా?”

“తీస్తుండా. ఏమయ్యా, ఇంట్లో కాలు పెట్టినోళ్ళని పెట్టినట్టే భూతద్దంతో చూస్తుండావే, ఎవరికి ఉండబుద్ధవుతుంది? మా చెల్లెలు కూడా అందుకే రావడం మానేసింది.”

“నువ్వు గమ్మునుండు. వీడియోలో నీ గొంతు పడతాది.”

ఆరుసార్లూ డబ్బా పంపింది డెబోరా. నెల్లూరు ట్రంకురోడ్డులో చిన్న కొట్టు పెట్టుకున్న ఆడపిల్ల. తక్కువొచ్చిందని ఈయన తిప్పి పంపిన ప్రతిసారీ ఇంకొకరిని చేర్చి, పన్నెండు చేసి, మైపాడు బస్సులో పార్సిలు వేస్తుంది. పైగా ఆమె కొట్టునించి వచ్చే ఇంజన్ల పెట్టెలకి కంపెనీ సీలు చింపి మళ్ళీ అంటించినట్టుంటుంది. అంటే వాడిన సరుకు కొత్తదని అంటగడతా ఉందని సమాధానం తేల్చినాడు. తేల్చినవన్నీ జిల్లాలోని చిన్న రైళ్ళ సంఘానికి రాసినాడు కూడా.

సంఘమంటే పద్నాలుగుమంది. సంగం ఊర్లో వరి పండించే రంగనాయకులు దానికి అధ్యక్షుడు. ఏ సరుకు కొనాలన్నా, ఏ కొట్లో కొనాలన్నా సమాధానం మాటే మాట. కొనేది తేల్చుకునేది శనివారం సాయంత్రం నాలుక్కి, ఫోన్లో. అప్పుడాయన ‘వద్దు’ అని ఒక్కముక్క రాస్తే పద్నాలుగుమందీ డెబోరా కొట్టు మొహం చూడరు. ఆమెకి ఉన్న గిరాకీ ఆ పద్నాలుగుమందే.

“ఊరికే రాస్తే బాగుండదన్నా. దొంగని చేత్తో పట్టుకో” అన్నాడు రంగనాయకులు ఫోన్లో.

“పట్టుకుంటా” అన్నాడు సమాధానం.

శనివారం మధ్యాహ్నం డబ్బా చంకలో పెట్టుకోని కొట్టుకి పోయినాడు. డెబోరా కిటికీ దగ్గర వెలుగులో కూర్చోని, కొత్త ఇంజనొకటి వెల్లకిలా పడేసి, సన్న ఆకురాయితో చక్రాలు రుద్దుతా ఉంది. పక్కన చింపిన సీలు.

“దొరికినావు పాపా” అన్నాడు గుమ్మంలోనే. “సీలు తీస్తుండావు.”

“తీస్తా అంకుల్. వచ్చిన ప్రతిదానికీ తీస్తా. ఈ చక్రాల మధ్య వెడల్పు చూడండి, ముందు జత ఒకటి, వెనక జత ఒకటి. ఇట్టానే పంపిస్తే మీ పట్టా మీద మూడడుగులు కూడా పోదు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?”

“సీలు తీస్తానని బయటపడితే కంపెనీవాళ్ళు సరుకివ్వడం ఆపేస్తారు. తీయకుండా పంపిస్తే మీరు తిడతారు. తీసి పంపించినా తిడుతుండారు గదా.” ఆకురాయి గీరిన వేళ్ళు ఒకసారి చూసుకోని మళ్ళీ పనిలో పడింది.

బాగానే అల్లింది కథ, అనుకున్నాడు సమాధానం. డబ్బా తీసి ముందు పెట్టినాడు. “పన్నెండు చెయ్యి. నా ముందే లెక్కబెట్టు. నేనే టేపేస్తా, నేనే తీసకపోతా.”

డెబోరా లెక్కబెట్టింది. పదకొండుమంది పాతవాళ్ళు, ఆయన బల్ల చూసొచ్చినవాళ్ళే. పన్నెండోవాడు కొత్తగా గొడుగు మడిచి పట్టుకున్న ముసలాయన. సమాధానం రెండుసార్లు లెక్కబెట్టుకోని, డబ్బా చుట్టూ టేపు తిప్పి, దాని మీద సంతకం చేసినాడు.

“తూకం కూడా వేయమంటారా అంకుల్?” అంది డెబోరా. నవ్వుతా అనలా. “నాలుక్కి మీరు రాసేది తెలుసు. రంగనాయకులు గారు చెప్పినారు. ఏం రాసినా నిజం రాయండి. సోమవారం నించి తడ దగ్గర ఫ్యాక్టరీ పనికి బస్సెక్కాలా, ఈ కొట్టు తలుపు తీయాలా అనేది మీ చేతిలో ఉంది.”

మైపాడు బస్సులో కిటికీపక్క సీటు చూసుకోని, డబ్బా ఒళ్ళో పెట్టుకోని, రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు. పక్కన చేపల గంప ఖాళీ చేసుకోని వస్తున్న ఆమె, “ఏందన్నా, కోడిగుడ్లా?” అనడిగితే, “సాక్ష్యం” అన్నాడు.

ఇందుకూరుపేటలో బస్సు నిలబడింది. ఒళ్ళో డబ్బా మూల చిన్నగా కదిలింది. చూస్తే టేపు అంచు లేస్తా ఉంది. కింద ఒక భుజం, పసుప్పచ్చ బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషిది. భుజమానించి నెడతా ఉంది. ఆయన సంతకంలో మొదటి అక్షరం అప్పటికే ముడత పడింది.

సమాధానం బొటనవేలితో టేపు నొక్కినాడు. ఎందుకు నొక్కినాడంటే ఆయనకే తెలియదు. ఆరునెలలుగా రాసిందంతా ఆ టేపు కింద ఉంది మరి. వేలి కింద ఆమె మళ్ళీ నెట్టింది. బలమేం లేదు. గుప్పిట్లో రొయ్యపిల్ల కొట్టుకున్నట్టుంది.

“దిగేవాళ్ళుండారా ఇంకా?” అని కండక్టరు తొంగిచూసినాడు.

“ఉండాది, ఈయన దిగనీటంలా” అంది చేపలామె. “ఏందన్నా నువ్వు, దిగే మనిషిని పట్టుకోని ఆపతావా? ఎవరికి ఏం పనుందో ఏమో!”

“బస్సులో అందరూ కాసుకోనుండారు పెద్దాయనా” అన్నాడు కండక్టరు.

వేలు తీసినాడు. బుట్ట ఆమె బయటికొచ్చి, ఆయన పంచె మడత పట్టుకోని జారి, చేపలామె పక్కకి తీసిన కాలు దాటుకోని, మెట్ల దగ్గర ఒక్కక్షణం నిలబడి, దిగిపోయింది. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకునేలోపల సమాధానం కూడా డబ్బాతో దిగినాడు.

ఆమె రోడ్డు వారగా నడిచి, ఆదిశేషమ్మ టీకొట్టు దగ్గర చక్కెర బస్తా ఎక్కి, బస్తా మీదనించి గాజు సీసాలున్న చెక్కబల్ల మీదికి చేరింది. అక్కడ సీసాల ముందర, బస్సులు కనపడేటట్టు, ఇంకో ఆరుమంది నిలబడుండారు. ఆరుమందినీ సమాధానం గుర్తుపట్టినాడు. ట్రంకుపెట్టె సిపాయి జనవరి ఫిర్యాదు, ఆయన్ని డబ్బా మీది బొమ్మలోనే చూసుండాడు. బిడ్డనెత్తుకున్న తల్లి ఫిబ్రవరి ఫిర్యాదు. ఒక్కొక్కరి మీదా ఒక్కొక్క కాగితం రాసుండాడు. రాసిందంతా డెబోరా పేరుమీద.

“మీవాళ్ళా?” అంది ఆదిశేషమ్మ టీ వడకడతా. “నెలకొకరు వస్తుండారు.”

“మావాళ్ళే. తీసకపోతా.”

“పిలవండి. వస్తే తీసకపోండి.”

ఏమని పిలవాల? పేర్లు లేవు. “రండమ్మా” అన్నాడు. “రండయ్యా” అన్నాడు. ఎవరూ కదల్లా.

కొత్తగా వచ్చిన బుట్ట ఆమె మాత్రం ఆయన గొంతు విని ఇటు తిరిగింది. బుట్ట కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, నిదానంగా నాలుగుపక్కలా తిరిగి చూపించింది.

“అదేంది?” అన్నాడు సమాధానం.

“వచ్చిన కొత్తలో ఆ సిపాయి తప్ప అందరూ అట్టానే చేసినారు. యాడనో బాగా సోదా చేసినట్టుండారు పాపం” అంది ఆదిశేషమ్మ. ఆమె వైపు వంగి, “వద్దులేమ్మా, దించు చేతులు, ఇక్కడెవరూ చూడరు” అంది. ఆమె చేతులు దించి, బుట్ట తీసుకోని, వరసలో చివర నిలబడింది.

సమాధానం బెంచీ మీద కూలబడినాడు. టీ పెట్టింది పెట్టినట్టే ఉంది. గంట మూడున్నర.

ఏమాటకామాటే చెప్పుకోవాల, ఆ మనిషి ముందు ఒక దొంగదారి కూడా ఉంది. టేపు సరిచేసి ఇంటికిపోయి, మామూలుగా వీడియో తీయించి, ‘మళ్ళీ పదకొండే’ అని రాస్తే అడిగేవాళ్ళెవరు? ఆయన మాట ఆయనకి నిలబడతాది. ఆ దారి ఆయనకి కనపడలేదని నేను చెప్పను. ఫోను తీసి, పెట్టి, మళ్ళీ తీసి, ఒక్కవేలితో రాసినాడు: ‘డెబోరా పన్నెండుమందినే పెడతా ఉంది. నా కళ్ళతో చూసినా. సీలు తీసేది కంపెనీ తప్పులు దిద్దేదానికి. ఆమె కొట్లోనే కొనండి.’

నిమిషానికే రంగనాయకులు ఫోను.

“అన్నా, అయితే ఈ ఆరుసార్లూ నువ్వు రాసింది?”

“తప్పు.”

“అట్టంటే ఎట్టన్నా? మొన్న మన కోట ఆయన నీ మాట మీద ఆమె కొట్టుకి పోయి, దొంగదని మొహాన్నే తిట్టొచ్చినాడు. ఇంక నీ మాట మీద ఎవరు కొంటారు?”

“నా మాట మీద కొనబాకండి. ఆమె మాట మీద కొనండి. సరుకు చూసేది ఇంకమీదట ఆమెకే ఇయ్యండి. ఆ సీలు చింపేది దొంగతనంగా కాదు, పద్నాలుగుమందీ సంతకం పెట్టి కంపెనీకే రాసి చింపిద్దాం. ఒప్పుకుంటే సరి, లేదంటే వాళ్ళ సరుకు మనకొద్దు.”

రంగనాయకులు “నాలుక్కి అందర్నీ అడుగుతా” అని పెట్టేసినాడు.

నాలుగుంబావుకి కబురొచ్చింది. పన్నిద్దరు సరేనన్నారు, ఒకాయన అలిగి సంఘంలోంచి పోయినాడు. ఓటేయని పద్నాలుగోవాడు సమాధానమే. ఇంకమీదట సరుకు చూసే పెద్ద డెబోరా. సమాధానం పేరు పక్కన ఏమీ లేదు, ఉత్త సభ్యుడు. ఆ పిల్ల దగ్గర్నించి ఒకే ముక్క వచ్చింది: ‘సోమవారం తలుపు తీస్తా అంకుల్.’

సమాధానం డబ్బా బెంచీ మీద పెట్టి టేపంతా పీకేసినాడు. మూత తీసి పక్కన పెట్టి, అటు తిరిగి కూర్చున్నాడు. వెనక చిన్న చిన్న అలికిడి అయ్యింది. పోయేవాళ్ళు పోతుండారు, ఆయన చూడలా. మెడ తిప్పకుండా ఉండేదానికి పాపం చాలా కష్టపడినాడు.

మైపాడు బస్సొచ్చింది. తేలికైన డబ్బా తీసుకోని లేచి, ఎక్కబోతా ఉంటే, “ఆగండి, మీ వెనక ఒకాయన” అన్నాడు కండక్టరు.

గొడుగు ముసలాయన. రోడ్డు మీద, బస్సు మెట్టు కింద నిలబడి, దాని ఎత్తు చూస్తుండాడు. ఆయనకది కొండంత. మైపాడు వైపు ఒకసారి చూసినాడు, మెట్టు వైపు చూసినాడు, సమాధానం వైపు మాత్రం చూడలా.

సమాధానం వంగి, దుమ్ములో అరచెయ్యి పరిచి, కళ్ళు ఇంకోపక్కకి తిప్పుకోని, ఆయన ఎక్కిందాకా అట్టానే ఉండిపోయినాడు.