కొరికి ఉంచిన రొట్టె

హోసియత్ నడుము దాకా తందూరులోకి వంగి, చేతిలోని గుడ్డ దిండు మీద పరిచిన రొట్టెను ఒక్క చరుపుతో లోపలి గోడకు అతికించి పైకి లేచింది. చేతికి పాత దుప్పటి గుడ్డతో కుట్టిన తొడుగు, తలకు రెండు మడతల రుమాలు. అయినా ఆమె కుడి కనుబొమ ఎప్పుడూ సగమే ఉంటుంది. మిగతా సగాన్ని పదహారేళ్లుగా తందూరు వేడి పెరగనివ్వలేదు.

"అక్కా, ఆ సగం కనుబొమతోనే ఇస్తాంబుల్ వెళ్తావా? కాస్త నిలబడు, కాటుకతో గీస్తాను," అంది రానో. పెళ్లయి రెండు నెలలైన పిల్ల. కూనిరాగం తీస్తూ రొట్టెల నడుమ చుక్కల అచ్చు గుద్దుతోంది.

"కోర్టువాళ్లు కనుబొమలు చూడరులే. నువ్వా అచ్చు లోతుగా గుద్దు. నీ ధ్యాసంతా మీ ఆయన మీదుంటే, ఇక్కడ రొట్టెల నడుమ బుడగలు లేస్తున్నాయి."

రానో సిగ్గుపడి నవ్వింది. గోడకు అంటిన రొట్టెలు ఒక్కొక్కటిగా బంగారు రంగుకు తిరుగుతున్నాయి. నువ్వులు చిటపటమన్నాయి. రోజుకు మూడు వందల రొట్టెలు కాల్చినా, ఆ మొదటి చిటపట వినగానే హోసియత్ ముఖం విచ్చుకుంటుంది.

మూడేళ్ల కిందట ఆమె భర్త ఇల్యోస్ ఆరేళ్ల కూతురు మెహ్రిని వారం రోజులు సముద్రం చూపించి తెస్తానని ఇస్తాంబుల్ తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు. ఇళ్లు మారుస్తూ రెండేళ్లు ఎవరికీ దొరకలేదు. పిల్లను వెనక్కి పంపించమని హోసియత్ పెట్టుకున్న అర్జీ మీద ఎల్లుండి అక్కడి కోర్టులో చివరి విచారణ. పిల్ల అక్కడే ఉండిపోవడానికి తల్లి ఒప్పుకుందని అతను చెబుతున్నాడు. ఒప్పుకోలేదనడానికి హోసియత్ దగ్గర తన నోటి మాట తప్ప ఏమీ లేదు.

చివరి వాయి అయ్యాక గిన్నె అంచులకు అంటిన పిండిని గీకి, అరచేతిలో పట్టేంత చిన్న రొట్టె ఒకటి చేసింది. మెహ్రి ఉన్నప్పుడు రోజూ చేసేది. పిల్ల వెళ్లిపోయాకా మానలేదు. దుకాణం కిటికీ దగ్గరికి మొదట వచ్చే పిల్లకో పిల్లాడికో ఇచ్చేస్తుంది. ఈ రోజు మాత్రం దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"మెహ్రి నిన్ను గుర్తుపడుతుందా అక్కా?" అనేసి రానో నాలుక కరుచుకుంది.

"నన్ను కాకపోతే రొట్టెల మీద చల్లే నల్ల జీలకర్ర వాసననైనా గుర్తుపడుతుంది. నా జుట్టునిండా అదేగా."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి ముంగిట్లో ద్రాక్షపందిరి నీడ కుళాయి దాకా పాకింది. ఆ కుళాయికి అటు ఆమె గది, ఇటు అత్తగారు సలోమత్ గది. మూడేళ్లుగా ఇద్దరూ ఆ కుళాయి దగ్గరే గిన్నెలు కడుగుతారు. ఒకరు కడిగి వెళ్లేదాకా ఇంకొకరు గుమ్మంలోనే ఆగుతారు. మాటల్లేవు.

తాష్కెంట్ విమానాశ్రయానికి టాక్సీ మూడింటికి. హోసియత్ బట్టలు సర్ది బయటికి రాగానే సలోమత్ ఎదుటి గుమ్మంలో నిలబడి ఉంది.

"లోపలికి రా."

హోసియత్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ముసలామె గూట్లో పేర్చిన పరుపులను పక్కకు జరిపి, వెనకున్న తెర లాగింది. గోడకు రెండు మేకులు. ఒకదానికి పలచటి గుడ్డలో రొట్టె, ఎండి చెక్కలా అయిపోయింది. అంచున చిన్న కాటు. పళ్ల గుర్తుల నడుమ ఒక పన్ను మేర గుర్తు లేదు.

మెహ్రి పైపన్ను ఊడింది ఆ ప్రయాణానికి నాలుగు రోజుల ముందే.

ఊరెళ్లేవాళ్లు రొట్టె ఒక ముక్క కొరికి వెళ్లాలి. వాళ్లు తిరిగొచ్చి తినేదాకా మిగతాది గోడకే ఉంటుంది. ఈ మార్గిలాన్ ఊళ్లో ఏ ఇంట్లోనైనా అంతే. ఆ రోజు పని నుంచి వచ్చి తనే కొరికించాలనుకుంది హోసియత్. వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఒక్కటీ చేయలేకపోయానని మూడేళ్లుగా కుమిలిపోతోంది.

"వాడు తొందరపెట్టాడు," అంది సలోమత్. "టాక్సీవాడు ఆగడన్నాడు. నేను వినలేదు. పిల్లచేత కొరికించాను. నువ్వూ కొరుకురా అన్నాను. పన్ను నొప్పి అన్నాడు."

హోసియత్ ఖాళీ మేకు వైపు చూసింది.

"అంతకుముందే నా ఎదురుగా కూర్చుని అక్రోట్లు కటకటా నమిలాడు. వాడు తిరిగి రాడని నాకు అప్పుడే తెలిసిపోయింది. నా కొడుకు కదా అని నోరు మూసుకున్నాను." తల రుమాలు కొంగున దాచిన కాగితం తీసింది. "నిన్న నోటరీ దగ్గరికెళ్లి అంతా రాయించాను. వారంలో వస్తామన్నాడని, తిరుగు టికెట్లు కూడా చూపించాడని. సంతకం పెట్టాను."

హోసియత్ కాగితం అందుకుని కింది సంతకం దాకా చదివింది.

"మూడేళ్లు, అత్తమ్మా."

"తిట్టవే. తిట్టు."

"టాక్సీకి టైమైంది. వచ్చాక తిడతాను."

ఆమె రొట్టె అందుకోబోయింది. "దీన్నీ తీసుకెళ్తాను. జడ్జీకి చూపిస్తాను."

సలోమత్ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఫోటో తీసుకో. అది గడప దాటకూడదు. పిల్లే రావాలి దాని దగ్గరికి."

హోసియత్ ఫోన్ తీసి, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫోటో తీసుకుంది. దగ్గరగా తీసిన దాంట్లో ఆ పన్ను లేని చోటు స్పష్టంగా పడింది. ఇప్పుడక్కడ పెద్ద పన్ను వచ్చేసి ఉంటుంది. ఆ పన్నును తను ఇంకా చూడలేదు.

"నువ్వూ కొరుకు," అంది సలోమత్.

ఇంట్లో వేరే రొట్టె లేదు. సంచిలోది మెహ్రి కోసం. హోసియత్ గుడ్డ విప్పి, ఒక్క క్షణం తటపటాయించి కొరికింది. ఇంకా వెచ్చగానే ఉంది. వీధిలో టాక్సీ హారన్ రెండుసార్లు మోగింది. అత్తగారి చేతిలో రొట్టె పెట్టి, ఆ చేతినే ఒకసారి గట్టిగా నొక్కి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే వెళ్లిపోయింది.

ముంగిలి నిశ్శబ్దమైంది. సలోమత్ తెర మళ్లీ వేయలేదు. మూడేళ్లుగా ఖాళీగా ఉన్న మేకుకు ఇప్పుడు అరచేతంత రొట్టె ఒకటి, పెద్ద కాటుతో, పక్కనున్న పెద్ద రొట్టె మీది చిన్న కాటు వైపు తిరిగి ఉంది.