రెండు వేళ్ళ కంతలోంచి ఐదు బెలూన్లు

తుపాకిని ఒక పక్క, గురిని ఇంకో పక్క పెట్టి మధ్యలో చెక్కగోడ కట్టించింది మీరే. ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న పెద్దలారా, ఇంకెవరో కాదు. ఏడు సంతకాలు పెట్టి మరీ కట్టించారు. ఆ గురువారం ఏం జరిగిందో మాకు తెలియదంటే కుదరదు. తెలియకపోతే వినండి.

ఇది 2006. నోవహు సౌదీలోని రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో రిగ్గరు. క్రేను ఎత్తే బరువుకు తాళ్ళు కట్టి, పైన కేబిన్లో కూర్చున్న ఆపరేటరుకు చేతులతో సైగలు చేయడం అతని పని. ఆ ఆపరేటరు కడప మౌలా సాహెబు. ట్యాంకు వెనక పైపు దించాలంటే మౌలాకు పైపు కనపడదు, నోవహు వేళ్ళు మాత్రం కనపడతాయి. తొమ్మిదేళ్ళుగా అలాగే దించుతున్నారు. ఒక్క పైపుకూ గీత పడలేదు.

నోవహుకు కావలసింది ఒక్కటే. అమలాపురం హాస్టల్లో చదువుకునే కూతురు జాయ్సీకి జూన్ రెండో ఆదివారం బాప్తీస్మం. అమ్మానాన్నా ఇద్దరూ గట్టున నిలబడితేనే నీళ్ళలో దిగుతానని ఆ పిల్ల ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించింది. ఇక ఆపేది లేదని పాస్టరుగారు ఫోన్లో కచ్చితంగా చెప్పేశారు. నోవహు భార్య రత్నమణి ఖోబర్‌లో నర్సు. ఆమె ఆసుపత్రి సెలవు ఎప్పుడో ఇచ్చేసింది. నోవహు కంపెనీ ఇవ్వాలి. ఇస్తేనే ఊరెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడుతుంది. జూన్‌లో సైటు మొత్తం మీద ఒక్కడికే లీవట. అడిగినవాళ్ళేమో డజను మంది.

అప్పుడు సైటు మేనేజరు ఏం చేయాలి? ఎవడు ఎన్నాళ్ళుగా ఇల్లు చూడలేదో లెక్క తీయాలి. ఆ మాత్రం ఎవడికైనా తడుతుంది. ఆయనకు తట్టలేదు. ఫ్యామిలీ డే అని నోటీసు అంటించాడు. కుటుంబ సభ్యులకు సరదాగా తుపాకి గురి నేర్పిస్తారట. ఎయిర్ గన్, ఐదు గుండ్లు, ఐదు బెలూన్లు. ఎవరి ఇంటివాళ్ళు ఎక్కువ పేలిస్తే వాళ్ళకే జూన్ లీవట!

మౌలా సాహెబు నోటీసు చదివించుకుని నేరుగా హెచ్ఆర్ జెఫ్రీ దగ్గరికి పోయాడు.

"నా పేరూ రాసుకో సామీ. ముప్పై ఒక్క నెలయ్యె ఊరికి పోయి."

"సారీ బ్రదర్. యు ఆర్ బ్యాచిలర్."

"ఎవురు? నేనా? ఐదుమంది బిడ్లుండారు నాకు!"

"వాళ్ళు కడపలో ఉన్నారు కదా. మన రికార్డ్స్ ప్రకారం ఫ్యామిలీ ఇక్కడ లేకపోతే బ్యాచిలరే. నీకు స్కోర్ చెప్పే డ్యూటీ వేశాను, హ్యాపీ?"

మౌలా బయటికొచ్చి నోవహుతో అన్నాడు: "సూడన్నా, ఐదు కాన్పులైనంక నన్ను మళ్లా పెండ్లికొడుకును జేసినారు."

ఆ రాత్రే నోవహు ఇంట్లో బడి పెట్టాడు. తుపాకి లేదు కాబట్టి తడిగుడ్డ కర్ర. గురికి కుక్కరు రబ్బరు తలుపుకు వేలాడదీశాడు. "కర్ర భుజానికి ఆనించు రత్నం. ఊపిరి బిగబట్టు. ఒక కన్ను మూయి."

"నాలుగు రోజుల పసిగుడ్డుకి నరం దొరకబుచ్చుకునే చెయ్యి నాది. మీరా నాకు గురి నేర్పేది?"

"నేర్పుతున్నా కదా, వినవే!"

అతనికి నోటితో చెప్పడం చేతకాదు. బొటనవేలు పైకెత్తితే పైకి. చిటికెన వేలు ఆడిస్తే మెల్లగా. పిడికిలి బిగిస్తే ఆగు. రత్నమణికి అవన్నీ పెళ్ళయిన కొత్తలోనే వచ్చు. అన్నం చాలంటే పిడికిలి, పులుసు ఇంకొంచెం అంటే చిటికెన వేలు. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో గిన్నెలన్నీ క్రేను సైగల మీదే దిగుతున్నాయి.

మే నెల చివరి గురువారం అందరినీ ఖోబర్ బయట ఒక ఇస్తిరాహాకు తోలారు. అద్దెకిచ్చే తోట అది, చుట్టూ ఎత్తు గోడ. ఇక్కడ చాయ్ తాగాలన్నా ఫ్యామిలీల పక్క వేరు, బ్యాచిలర్ల పక్క వేరు కదా. ఆఫీసువాళ్ళు తోట ప్లాను మీద స్కేలు పెట్టి మధ్యలో గీత గీశారు. గీత మీద చెక్కగోడ లేపారు. తుపాకి బల్ల ఇటు ఫ్యామిలీల పక్క పడింది. బెలూన్ల బోర్డు అటు బ్యాచిలర్ల పక్క పడింది. ఆ సంగతి చెప్పినవాడికి "ప్లాను అప్రూవ్ అయిపోయింది" అని జవాబొచ్చింది. చివరికి వడ్రంగి దయతలచి గోడకు రెండు వేళ్ళ కంత పెట్టాడు. తుపాకి గొట్టం దూరుతుంది. కన్ను దూరదు.

మౌలా బోర్డు పక్కన దూరంగా నిలబడి స్కోరు అరవాలి. జెఫ్రీ ఇటువైపు రాసుకోవాలి.

ఆట మొదలైంది. నలభై ఆరు డిగ్రీల ఎండ. బెలూన్లకు లీవు అక్కర్లేదు కదా, వాటంతటవే పేలడం మొదలెట్టాయి. మేనేజరు బావమరిది స్టోర్ కీపరు. అతని భార్య కుర్చీ జరుపుకుంటోంది, అప్పటికింకా తుపాకి ముట్టుకోలేదు. నాలుగు పేలాయి.

"అమ్మ ఇంగా కాల్చనే ల్యా, ఎండకు పగిలినాయి!" మౌలా అరిచాడు.

"రీజన్ అడగలేదు బ్రదర్. హౌ మెనీ?"

"నాలుగు."

జెఫ్రీ నాలుగు రాసుకున్నాడు. మిగతా ఇళ్ళవాళ్ళకు ఒకటీ రెండూ పడ్డాయి, అవీ ఎండ పేల్చినవే. కాల్చిన గుండ్లన్నీ బోర్డు తప్పి ఇసుకలో పడ్డాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

చివర రత్నమణి వంతు. కొత్త బెలూన్లు ఐదు కట్టారు. ఆమె గొట్టం కంతలో పెట్టింది. ఎదురుగా చెక్క తప్ప ఏమీ లేదు. నోవహు గోడ చివరకు పోయి ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడ్డాడు. ఫ్యామిలీయో బ్యాచిలరో తేల్చుకోమని సెక్యూరిటీవాడు కసిరాడు. నోవహు వినలేదు. అటు మౌలా చెయ్యెత్తాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సైగ చేసేవాడు మౌలా, చూసేవాడు నోవహు. మౌలా బొటనవేలు పైకి. నోవహు బొటనవేలు పైకి. రత్నమణి గొట్టం పైకి. చిటికెన వేలు. చిటికెన వేలు. ఇంకొంచెం. పిడికిలి.

ఠప్.

"ఒగటి!"

 నోవహుకు జాయ్సీ నీళ్ళలో దిగడం కళ్ళముందు ఆడుతోంది. ఎండ ఒక్క బెలూను ముందే పేల్చినా దొంగ లెక్క అంటారు. రత్నమణి మళ్ళీ గుండు పెట్టింది. ఠప్. ఠప్. ఠప్. ఐదోది కాల్చేసరికి మౌలా గొంతు చిరిగింది.

"ఐదుకు ఐదూ! సిస్టరమ్మా, నువ్వు క్రేనెక్కాల్సినదానివి!"

స్టోర్ కీపరు లేచాడు. "ఎవరు చూశారు? ఆ ఇద్దరూ ఒక జిల్లావాళ్ళే!"

"యాడి కడప, యాడి అమలాపురం! నాకు లీవే ల్యా, అబద్ధం చెప్పి నేనేం బావుకోవాల?"

మేనేజరు గడ్డం గోక్కుని తీర్పిచ్చాడు. బ్యాచిలర్ల పక్క నుంచి వచ్చిన స్కోరు ఫ్యామిలీ పోటీకి చెల్లదు. ఫ్యామిలీల పక్క ఎవరైనా కళ్ళారా చూసుండాలి.

"సార్, అలాగైతే ఎవ్రిబడీ జీరో," జెఫ్రీ నసిగాడు.

"జీరో అయితే జూన్‌లో ఎవరికీ లీవు లేదు."

రత్నమణి తుపాకి బల్లమీద పెట్టింది. "జాయ్సీ నాన్నా, ఆ చెక్క పీకండి."

నోవహు పీకాడు. అటునుంచి మౌలా తోశాడు. గోడ పడిపోయింది. బోర్డు మీద ఒక్క బెలూనూ లేదు, దారాలు మాత్రం వేలాడుతున్నాయి. సాక్ష్యం లేదని స్టోర్ కీపరు నవ్వాడు. రత్నమణి బోర్డు దగ్గరికి నడిచి, సూది గుచ్చిన చోటు వెతికినట్టు చేత్తో తడిమింది.

"సీసపు గుండు తగిలితే చెక్కకు కంత పడాలి కదా. లెక్కపెట్టండి."

జెఫ్రీ మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాడు. పొద్దుటినుంచి పదకొండు ఇళ్ళవాళ్ళు పోటీ పడిన ఆ బోర్డు మీద కంతలు ఐదంటే ఐదే. ఐదు దారాల కింద ఐదు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. "కంపెనీ బోర్డు పాడుచేసింది ఎవరు?"

నోవహు బోర్డు దగ్గరికి వచ్చాడు. ఈ ఐదు కంతలతో లీవు తనకే రావాలి. తీసుకుంటే మౌలా ముప్పై రెండో నెల మొదలవుతుంది. తన పిల్ల గట్టువైపు చూస్తున్నట్టే అతని పిల్లలూ చూస్తుంటారు. నోవహు జెఫ్రీ జేబులోంచి మార్కరు లాక్కుని బోర్డు మీద తెలుగులో, కింద వంకర ఇంగ్లీషులో రాశాడు: మౌలా ముప్పై ఒక్క నెలలు, నోవహు ఇరవై ఆరు నెలలు. తర్వాత మార్కరు పక్కవాడికిచ్చాడు. అతనూ రాశాడు. స్టోర్ కీపరు రాయలేదు. అతను ఊరికి పోయొచ్చి నాలుగు నెలలే అయింది.

శనివారం పొద్దున ఆ బోర్డు మీ ఆఫీసు గుమ్మంలో ఉంటుంది. చదవండి. ఒక్కడికే లీవన్న మాట కొట్టేయండి. మౌలాకూ నోవహుకూ జూన్ లీవు మీద ఇప్పుడే సంతకం పెట్టండి, మీ బీరువాలో పెట్టుకున్న పాస్‌పోర్టులు చేతికివ్వండి. మిగతావాళ్ళను ఆ బోర్డు మీదున్న నెలల వరసలో పంపండి. బెలూన్లు ఆ తర్వాత కడుదురుగాని.