బోర్డు తిప్పే చెయ్యి

ఏరు సముద్రంలో కలిసే చోట, లాంచీ రేవు ఆఫీసులో ఒక నల్లబోర్డు ఉంది. దాని మీద రాసేది ఒకరు, దాన్ని జనం వైపు తిప్పేది ఇంకొకరు. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులు మారలేదు. రాసేది టికెట్ల గదిలో కూర్చునే ఆవిడ. రేవులో అందరూ ఆమెను బోర్డమ్మ అంటారు. తిప్పేది లాంచీ నడిపే సరంగు. రోజూ మధ్యాహ్నం ఆమె "మూడున్నర లాంచీ ఉంది" అని గుండ్రటి అక్షరాలతో రాసి, బోర్డు మొహాన్ని గోడకు ఆనించి పెడుతుంది. సరంగు ఒడ్డు పొడుగునా నడిచి నీళ్ళు చూస్తాడు, గాలి చూస్తాడు, తిరిగొచ్చి బోర్డు చూస్తాడు. సరే అనుకుంటే జనం వైపు తిప్పుతాడు. కాదనుకుంటే "ఉంది"ని అరచేత్తో తుడిచి, "లేదు" అని రాసి తిప్పుతాడు.

ఈ సంగతిని, రేవుకు వెబ్‌సైటు కట్టడానికి వచ్చిన బావాబావమరుదుల్లో బావమరిది మొదటి రోజే గమనించాడు. గమనించడం అతనికి పుట్టుకతో వచ్చింది. నోరు తెరిచి చెప్పడమే ఇంకా రాలేదు.

అతనూ, అతని అక్క మొగుడూ కలిసి వెబ్‌సైట్లు కట్టి ఇస్తారు. మాటలు బావవి, పని బావమరిదిది. రేవు వాళ్ళ సైటును రెండు వారాల క్రితమే తెరిచారు. లాంచీ వేళలు అందులో అచ్చు వేసినట్టు ఉంటాయి. ఇక ఏ రోజు ప్రకటన ఆ రోజు రేవు వాళ్ళే మార్చుకోవడానికి సైటు వెనక ఒక సరంజామా బిగించాలి. దాన్ని ఆ వృత్తిలో సీఎమ్మెస్ అంటారు. అలాంటివి సవాలక్ష ఉన్నాయి. అందులో రెండింటిని ఏరి తెచ్చారు. రెండింటిలో ఏదన్నది ఈ రోజు మూడింటికల్లా తేలాలి. రేవు మేనేజరు తన పైవాళ్ళకు ఫోనులో ఒక పేరు చెప్పాలి.

బావ ఏరింది చాలా సులువైనది. రాయడం, ఒక మీట నొక్కడం, సైటులో కనబడటం. బావమరిది ఏరిన దానిలో ఒకరు రాసింది పక్కన ఆగుతుంది. రెండో మనిషి చూసి సరేనంటేనే బయటికి వెళ్తుంది.

"పెళ్ళి సంబంధమట్రా అది, పెద్దలు ఒప్పుకోవడానికి?" అన్నాడు బావ, రేవుకు నడిచి వస్తుంటే. "ఒక్క ముక్క రాయడానికి ఇద్దరు మనుషులా? మేనేజరు పడీ పడీ నవ్వుతాడు."

"వాళ్ళు చేస్తున్నది అదే బావా."

"ఎక్కడ?"

"బోర్డు దగ్గర."

"ఆ బోర్డు పోవాలనే కదరా మనల్ని పిలిచింది!"

బావమరిది దగ్గర జవాబుంది. నోటిదాకా వచ్చి, గుటకతో పాటు లోపలికే పోయింది.

అవతలి ఒడ్డున లాంచీ ఒడ్డు దాకా రాదు. అక్కడ పొడవాటి ఇసుక తిప్ప ఒకటి నీళ్ళలోకి చొచ్చుకుని ఉంటుంది. జనం అరమైలు ఇసుకలో నడిచి తిప్ప కొసన నిలబడితే లాంచీ వచ్చి ఎక్కించుకుంటుంది. ఒడ్డుకూ తిప్పకూ నడుమ ఒక పల్లం ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ముందు మునిగేది అదే. లాంచీ ఉన్న రోజున ఆ బాధ ఎవరికీ తెలియదు, అప్పటికే ఎక్కేసి ఉంటారు. లాంచీ లేని రోజు తిప్ప మీదికి పోయినవాడికి మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అక్క ఆ రోజు అవతలి ఒడ్డునే ఉంది. ఐదేళ్ళ కూతురికి కళ్ళజోడు తేవడానికి పొద్దుటి లాంచీలో వెళ్ళింది. "సైటు చూసుకునే బయల్దేరతాలే. మా ఆయనా మా తమ్ముడూ కట్టిన సైటుకు మొదటి గిరాకీ నేనే" అని నవ్వుతూ దాటింది.

రెండుంబావుకు టికెట్ల గదిలో నలుగురూ కూడారు. ఇరుకు గది. ఒక గోడకు ప్రాణరక్షణ జాకెట్లు గుట్టగా పడున్నాయి. మేకుకు సరంగు దుర్భిణి వేలాడుతోంది. బల్ల మీద కంప్యూటరు, దాని పక్కనే సుద్దముక్కల డబ్బా. బోర్డు రోజూలాగే గోడ వైపు తిరిగి ఉంది. సరంగు ఒడ్డు చూడటానికి వెళ్ళాడు.

"ముందు నాది చూడండి సార్" అన్నాడు బావ. "అమ్మా, రోజూ బోర్డు మీద రాసేది ఇక్కడ కొట్టండి. అంతే, అంతకు మించి ఏమీ లేదు."

బోర్డమ్మ వేళ్ళకున్న సుద్దను చీర చెంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టింది. మూడున్నర లాంచీ ఉంది. కొట్టడం అయ్యాక రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ చేతులు ఒళ్ళోకి పోవడం బావమరిది చూశాడు. తెర పైన ఉన్న చిరునామా కూడా చూశాడు. ప్రయత్నం కోసం తాను కట్టిన నకలు సైటు కాదది, అసలు సైటు. నిన్న సాయంత్రం బావ తానే తన సీఎమ్మెస్‌ను అసలు సైటుకు తగిలించి ఉండాలి. అసలు దాని మీద చూపిస్తే ఆ దెబ్బే వేరని బావ ఎప్పుడూ అంటుంటాడు.

"బావా, అది..."

"ఆగరా." బావ ముందుకు వంగి మీట నొక్కాడు. "నాలుగంటే నాలుగు నిమిషాలు! ఫోను తీసి చూడండి సార్."

మేనేజరు ఫోను తీశాడు. సైటు మీద పెద్ద అక్షరాలతో మూడున్నర లాంచీ ఉంది. "భేష్" అన్నాడాయన.

"సరంగు గారు ఇంకా చూడలేదండీ" అంది బోర్డమ్మ, ఒళ్ళోకి చూసుకుంటూ.

"రోజూ ఉండేదేగా అమ్మా. ఇవాళ ఏమన్నా ఏరు సెలవు చీటీ పంపిందా?"

మేనేజరు నవ్వాడు. బావమరిదికి నవ్వు రాలేదు. వాళ్ళు వచ్చినప్పుడు రేవు జెండా కర్రకు తాడు చచ్చిన పాములా వేలాడుతోంది. ఇప్పుడు అదే తాడు కర్రకు టకటక కొట్టుకుంటోంది. చెప్పాలనుకున్నాడు. చెబితే మేనేజరు ముందు బావకు తల కొట్టేసినట్టవుతుంది. రోజూ ఉండేదేగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"ఇప్పుడు మావాడిది" అన్నాడు బావ. "వీడు బెల్లం కొట్టిన రాయి సార్. మాట రాలదు, మీరే ఓపిగ్గా చూడాలి."

బావమరిది తన సీఎమ్మెస్ తెరిచాడు. కంప్యూటరు పాతది, తెరుచుకోవడానికి తీరిగ్గా ఆలోచించుకుంటోంది. మేనేజరు గడియారం చూశాడు. తాడు చప్పుడు జోరందుకుంది. కిటికీ రెక్క ఒకటి ఢామ్మని మూసుకుంది. బోర్డమ్మ లేచి దానికి గడియ పెట్టి, బయటికి చూస్తూ అక్కడే నిలబడిపోయింది.

పది తక్కువ మూడుకు సరంగు వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎవరినీ పలకరించకుండా నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి, "ఉంది"ని తుడిచి, "లేదు" అని రాసి, జనం వైపు తిప్పాడు.

"గాలి లేచింది. పోటు ముందే తన్నుకొస్తోంది" అన్నాడు. ఆయన మటుకు ఆయన పని అయిపోయింది.

బోర్డమ్మ మొహంలో నెత్తురు లేదు. "సరంగు గారూ, 'ఉంది' అని వెళ్ళిపోయిందండీ."

"ఎక్కడికి?"

"అందరి ఫోన్లలోకీ."

సరంగు మేకు మీది దుర్భిణి తీసి కిటికీలోంచి పెట్టాడు. పెదవులు మెల్లగా కదిలాయి, లెక్కపెడుతున్నాడు. "పల్లం దాటుతున్నారు. తొమ్మిది... పదకొండు మంది."

బావ మీటల మీద పడ్డాడు. "లేదు" అని కొట్టి నొక్కాడు. "అయిపోయింది, మార్చేశాను. సార్, చూడండి."

మేనేజరు ఫోనులో ఇంకా "ఉంది" అనే ఉంది.

"ఫోన్లు పాత పేజీని దాచుకుంటాయి బావా" అన్నాడు బావమరిది. "మళ్ళీ తెరిస్తేనే మారేది. ఒకసారి చూసుకుని బయల్దేరినవాళ్ళు మళ్ళీ ఎందుకు తెరుస్తారు?"

అప్పటికే అతని చెవి దగ్గర ఫోను మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు.

"ఏంట్రా, నోట్లో ముత్యాలు రాలే రోజా ఇది? నువ్వే ఫోన్ చేశావు!" అక్క గొంతు, గాలి హోరు కలగలిసి వినబడ్డాయి.

"ఎక్కడున్నావక్కా?"

"పల్లంలో. ఇసుక ఎగిరి కళ్ళలో కొడుతోంది. దీనికి మాత్రం కొత్త కళ్ళజోడు అచ్చొచ్చింది, దర్జాగా నడుస్తోంది."

"వెనక్కి వెళ్ళు. లాంచీ లేదు."

"ఉందని మీ సైటులోనే ఉంది కదరా. చూసుకునే వచ్చాం."

"అది తప్పు."

"పోరా, మీ బావతో కలిసి ఆటలా? అవతల అందరూ వెళ్ళిపోతున్నారు..."

బావమరిది కళ్ళు మూసుకున్నాడు. "అక్కా, విను. సరంగు నీళ్ళు చూడకముందే అది వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. తప్పు జరుగుతోందని తెలిసి కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు నువ్వున్న పల్లంలోకే నీళ్ళు వస్తాయి. పాపను ఎత్తుకో. ముందుపోయిన వాళ్ళను కేకేసి పిలువు. నీకు దణ్ణం పెడతాను, వెనక్కి నడువు."

పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అక్క వినలేదు. ఆ తర్వాత ఆమె గొంతు చెవులు చిల్లులు పడేలా లేచింది. "ఓయ్! లాంచీ లేదట! వెనక్కి రండీ!" ఫోను తెగిపోయింది.

సరంగు దుర్భిణిని బావమరిది చేతిలో పెట్టి పరుగున లాంచీ ఎక్కాడు. నాలుగు పొడుగాటి కూతలు ఏటి మీద సాగాయి. లాంచీ లేదు, తిప్ప దిగండి అని వాటి అర్థం. పాతవాళ్ళకు తెలుసు.

"ఎంతమందిరా?" అన్నాడు బావ. అతను కిటికీ దగ్గరికి రాలేకపోతున్నాడు.

"ఏడుగురు తిరిగారు. నలుగురు తిప్ప కొసకు పోయారు. ఫోన్లు తీసి చూసుకుంటున్నారు."

"మీ అక్క?"

"పల్లం ఒడ్డున ఆగింది. పాప భుజం మీద ఉంది."

"ఎందుకు ఆగిందిరా, నడవమను!"

"ఆ నలుగురినీ పిలుస్తోంది బావా."

మళ్ళీ నాలుగు కూతలు. మళ్ళీ నాలుగు. ఇసుక మీద నీళ్ళు మెరుస్తూ నాలుకల్లా పాకుతున్నాయి. తిప్ప కొసన ఒకడు తలెత్తి లాంచీ వైపు, తర్వాత వెనక్కి చూశాడు. పక్కవాడి చెయ్యి పట్టుకుని లాగాడు. నలుగురూ పరుగు అందుకున్నారు. మొదటి వాడు దాటేసరికి పల్లంలో మోకాళ్ళ లోతు. చివరివాడు సంచీ నెత్తిన పెట్టుకుని నడుము లోతులో తూలుతూ వస్తున్నాడు. పాపను ఎవరికో అందించి, అక్క నీళ్ళలోకి రెండడుగులు దిగి వాడి మణికట్టు పట్టుకుంది.

"ఎంతరా?"

"పదకొండు. ఒడ్డున."

బావ జాకెట్ల గుట్ట మీద కూలబడ్డాడు.

సరంగు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరు తిప్పారు?"

"నేనేనండీ" అన్నాడు బావ.

"ఇరవై రెండేళ్ళుగా తిప్పుతున్నాను నాయనా. ఇవాళ్టికీ తిప్పబోయే ముందు చెయ్యి వణుకుతుంది. నీకు వణకలేదా?"

బావ బావమరిది వైపు తిరిగాడు. "నువ్వయినా గట్టిగా చెప్పొద్దట్రా?"

"చెప్పబోయాను. ఆగమన్నావు."

"నేను ఆగమంటే ఆగిపోవడమేనా? మీ అక్క ఏనాడైనా ఆగిందా!"

బోర్డమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. అప్పుడే మేనేజరు ఫోను మోగింది, పైవాళ్ళు. ఆయన దాన్ని అరచేత్తో మూసి, అలవాటుకొద్దీ బావను అడిగాడు. "ఏ పేరు చెప్పమంటారు?"

బావ గడ్డంతో బావమరిదిని చూపించాడు.

"రెండు చేతులది సార్" అన్నాడు బావమరిది. ఈసారి మాట గుటకలో పోలేదు. "ఆవిడ రాస్తారు, ఈయన తిప్పుతారు. మేం ముట్టుకోం."

"సరంగుకు కంప్యూటరు ఎక్కడొచ్చు? ఆయన లాంచీ తప్ప ఏమీ నడపలేదే!" అన్నాడు మేనేజరు.

"చూద్దాం."

బోర్డమ్మ కూర్చుని కొట్టింది. రేపు ఉదయం ఏడు గంటల లాంచీ ఉంది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. రాసిన వాక్యం పసుపు పచ్చటి గడిలో ఆగింది. కింద ఒక ఆకుపచ్చ మీట, దాని మీద "సరే". సరంగు తడి చేతిని గోడకున్న గుడ్డకు తుడుచుకుని, వంగి, పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరమే చదివాడు. చూపుడు వేలు ఎత్తాడు. వేలు మీటకు బెత్తెడు దూరం దాకా వచ్చి ఆగిపోయింది.

"రేపటి నీళ్ళు రేపు కదమ్మాయ్ చూసేది" అని వేలు వెనక్కి తీసుకుని, లాంచీకి తాళ్ళు బిగించడానికి వెళ్ళిపోయాడు.

వాక్యం పసుపుగానే ఉండిపోయింది. జాకెట్ల గుట్ట మీద నుంచే బావ చెయ్యి తనంతట తాను మీట వైపు కదిలింది. అతను దాన్ని చూశాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"మరి ఇది పనిచేసినట్టా, చేయనట్టా?" అన్నాడు మేనేజరు, అరచేతి కింద ఫోనులో ఎవరో హలో హలో అంటుండగా.

"చేసింది సార్" అన్నాడు బావమరిది.